ఆటకి పంపేముందు ఒక్క మాట అడుగు

చి. సౌ. సుధకి, పెద్దమ్మ ఆశీస్సులు.

తుపాకీ జాగ్రత్తల పాఠం చెబుతామని బడి నుంచి వచ్చిన కాగితం ఫొటో తీసి పంపావు కదా, రెండుసార్లు చదివాను. "రెండో క్లాసు పిల్లాడికి తుపాకీ పాఠమేంటి పెద్దమ్మా, ఆ రోజు వాణ్ణి బడి మాన్పించేస్తాను" అన్నావు. నీ గొంతు వణికింది. ఇలాంటి సంగతి ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నాను.

మాన్పించకు. ఆ పాఠం మంచిదే, వాణ్ణి విననివ్వు. కానీ అది వినేశాడు కదా అని నువ్వు నిశ్చింతగా ఉండకు. అసలు పని నీదీ, అల్లుడుగారిదీ.

నువ్వు న్యూజెర్సీ నుంచి వచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు కాబట్టి ముందు ఇక్కడి సంగతి చెబుతాను. మన టెన్నెసీ శాసనసభ 2024లో ఈ చట్టం చేసింది. 2025-26 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఏటా పిల్లల వయసుకి తగ్గట్టు ఈ పాఠం చెప్పాలి. ఇంట్లో తుపాకీని ఎలా భద్రపరచాలి, ఎక్కడైనా తుపాకీ కనిపిస్తే దెబ్బ తగలకుండా ఎలా తప్పుకోవాలి, దాన్ని ముట్టుకోకుండా వెంటనే పెద్దవాళ్ళకి ఎందుకు చెప్పాలి, ఇవీ అందులో ఉండేవి. క్లాసులోకి నిజం తుపాకీ గానీ తూటాలు గానీ తేకూడదు. తుపాకీ హక్కుల గురించి, ఆ హక్కు చెప్పే అమెరికా రాజ్యాంగం రెండో సవరణ గురించి టీచరు ఎటువైపూ మాట్లాడకూడదు. అర్కాన్సాస్, యూటా కూడా 2025లో ఇలాంటి చట్టాలు చేశాయి. వాడి చేతికి తుపాకీ ఇచ్చి గురి పెట్టమంటారేమో అని భయపడ్డావు. అలాంటిదేమీ ఉండదు తల్లీ.

నీకు కోపం కూడా వచ్చింది కదా, అది మాత్రం సబబే. నాకూ ఉంది. 2023 మార్చి 27న ఇక్కడే, నాష్‌విల్‌లో, కవనెంట్ స్కూల్లో ముగ్గురు తొమ్మిదేళ్ళ పిల్లలు, ముగ్గురు పెద్దవాళ్ళు తుపాకీ గుళ్ళకి బలైపోయారు. ఆ తర్వాత ఎంతమంది తల్లులు శాసనసభ దగ్గర నిలబడ్డారో నా కళ్ళతో చూశాను. వాళ్ళు అడిగింది తుపాకుల మీద కట్టుదిట్టం. మరుసటేడు వచ్చింది ఈ పాఠం, దాంతోపాటు టీచర్లు బడిలో తుపాకీ పెట్టుకోవచ్చన్న చట్టం. పిల్లలున్న ఇంట్లో తుపాకీకి తాళం వేసి తీరాలని పెద్దవాళ్ళకి చెప్పే చట్టం ఇవాళ్టికీ ఇక్కడ లేదు. జాగ్రత్తపడే బరువంతా ఏడేళ్ళ పిల్లాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. నేను ఇరవై రెండేళ్ళు ఇక్కడి బడుల్లో లెక్కలు చెప్పాను, పిల్లలంటే ఏమిటో నాకు తెలుసు. ప్రశ్నకి జవాబు ఠక్కున చెబుతారు. మర్నాడు అదే లెక్క వేరే రూపంలో ఇస్తే తెల్లమొహం వేస్తారు.

మీ తాతయ్య పెరట్లో నుయ్యి నువ్వు చూడలేదు, నువ్వు పుట్టేటప్పటికే పూడ్చేశారు. దానికి మొదట్లో ఒర జానెడెత్తే ఉండేది. "నూతి దగ్గరికి వెళ్ళకండే" అని నాకూ మీ అమ్మకీ రోజూ చెప్పేవాడు నాన్న. చెప్పి ఊరుకోలేదు, మేస్త్రీని పిలిపించి నడుమెత్తు గోడ కట్టించాడు. కట్టిన నెల లోపే మీ అమ్మ కోడిపిల్ల వెనకాల పరిగెత్తి ఆ గోడకి గుద్దుకుంది. నుదుటి మీద బొప్పి కట్టి వీధంతా వినబడేలా ఏడ్చింది. అప్పుడు దానికి మూడేళ్ళు. నూతి దగ్గరికి వెళ్ళకూడదని దానికి తెలియదా? తెలుసు. కోడిపిల్ల కనిపించింది, ఆ మాట గుర్తు రాలేదు. అంతే.

బడిలో చెప్పే పాఠం నాన్న చెప్పిన మాటలాంటిది. మాట చెప్పాలి, చెప్పకపోతే తప్పు. గోడ కూడా కట్టాలి.

ఇప్పుడు నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మీ అన్నయ్యకి ఎనిమిదేళ్ళప్పుడు, 1996లో, వాడి క్లాసు పిల్లాడి ఇంటికి ఆటకి పంపాను. మంచి కుటుంబం. ఆవిడ నాకు కేకు రెసిపీ రాసి ఇచ్చేది. రాత్రి అన్నం తింటూ వీడు, "అమ్మా, వాళ్ళ నాన్నకి గన్ ఉంది, మంచం పక్క సొరుగులో. నేను పట్టుకున్నా, చాలా బరువుగా ఉంది" అన్నాడు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వాడికి నేను చెప్పలేదనుకున్నావా? ఈ దేశం వచ్చిన మొదటేడు నుంచీ చెబుతూనే ఉన్నాను. "ముట్టుకోవద్దని చెప్పాను కదరా" అంటే, "అది నిజంది అనుకోలేదమ్మా, తర్వాత తెలిసింది" అన్నాడు. ఆ పై మాట నాకిప్పటికీ మరుపు రాదు. "వాళ్ళింట్లో కదా, వద్దంటే బాగోదని పట్టుకున్నా." మొహమాటం! ఎనిమిదేళ్ళకే వాడికి నేను నేర్పిన మొహమాటం. నేను కూడా ఆవిణ్ణి ముందే అడగకపోవడానికి కారణం అదే.

మా వాడొక్కడే అలా చేశాడని కాదు. 2001లో అట్లాంటాలో పిల్లల డాక్టర్లు ఒక పరిశోధన ప్రచురించారు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మగపిల్లల్ని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో వదిలి అద్దం వెనక నుంచి చూశారు. సొరుగులో తూటాల్లేని నిజం తుపాకీ పెట్టారు. 64 మందిలో 48 మందికి అది కనబడింది. వాళ్ళలో 30 మంది చేత్తో పట్టుకున్నారు, 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. పట్టుకున్నవాళ్ళలో తొంభై శాతానికి పైగా అంతకుముందు తుపాకీ జాగ్రత్తలు విన్నవాళ్ళే. ఇది చదివిన రోజు మా వాణ్ణి పూర్తిగా క్షమించాను.

అలాగని పాఠం దండగ అనను. 2023లో ఒహాయోలో పరిశోధకులు అదే వయసు పిల్లలకి ఒక్క నిమిషం వీడియో చూపించి, వారం తర్వాత ఇలాగే గదిలో పెట్టి చూశారు. చూడని పిల్లల్లో పదిమందికి ఒక్కడే పెద్దవాళ్ళకి చెబితే, చూసినవాళ్ళలో ముగ్గురికొకడు చెప్పాడు. తుపాకీని ముట్టుకున్నవాళ్ళూ తగ్గారు. అయినా పదిమందిలో నలుగురు ముట్టుకున్నారు. అందుకే పాఠం విననివ్వమంటున్నాను, అందుకే అదొక్కటీ చాలదంటున్నాను.

ఇంట్లో ఏం చెయ్యాలంటే, ముందు వాడితో సాధన చేయించు. ఎన్‌ఆర్‌ఏ అని ఇక్కడి తుపాకీదారుల సంఘం వాళ్ళు 1988 నుంచి ఎడ్డీ ఈగిల్ అని ఒక గద్ద బొమ్మతో "ఆగు, ముట్టుకోకు, పరిగెత్తు, పెద్దవాళ్ళకి చెప్పు" అని నేర్పిస్తున్నారు. చిన్నపిల్లల మీద పరీక్షించినప్పుడు ఆ నాలుగు మాటలూ చిలకలా అప్పజెప్పారు గానీ, తుపాకీ ఎదురైనప్పుడు చెయ్యలేకపోయారు. చేసి చూపించి, చేయించి, తప్పయితే మళ్ళీ చేయించిన పిల్లలు నయం. నువ్వూ అలాగే చెయ్యి. తుపాకీ బొమ్మ ఒకటి కాగితం మీద ప్రింటు తీసి సొరుగులో పెట్టు, బొమ్మ తుపాకీ మాత్రం వాడకు. "నా టవల్ తీసుకురా" అని పంపించు. చూడగానే సొరుగు అలాగే వదిలేసి వచ్చి నీకు చెప్పాలి. చెప్పిన వెంటనే మెచ్చుకో. వారానికోసారి చోటు మార్చి చేయించు. అది బొమ్మదా నిజందా అని తేల్చే పని తనది కాదని వాడికి గట్టిగా నాటుకోవాలి. ఏదైనా సరే, ముట్టుకోడు, వచ్చేస్తాడు.

ఇంకొకటి. మనవాళ్ళం పిల్లలకి "చాడీలు చెప్పకు" అని ఊరికే నేర్పేస్తాం. దీని విషయంలో చెప్పడం చాడీ కాదని వాడికి విడిగా చెప్పు. స్నేహితుడు "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు పెట్టించుకున్నా చెప్పొచ్చు. అర్ధరాత్రి ఫోన్ చేసినా, ఎవరి ఇంట్లో ఉన్నా, నువ్వు వెళ్ళి తీసుకొస్తావనీ, తిట్టవనీ మాట ఇవ్వు. ఆ మాట నిలబెట్టుకో కూడా.

ఇక నీ పని. ఎవరింటికి ఆటకి పంపినా ముందు అడుగు. "మా వాడికి వేరుశెనగ ఎలర్జీ లేదు, కుక్కలంటే కొంచెం భయం. మా ఇంట్లో తుపాకీ లేదు. మీ ఇంట్లో ఉందా? ఉంటే తాళంలో ఉందా?" అని ఒకే మెసేజ్‌లో పెట్టేయ్. కుక్క గురించి అడిగినట్టే అడగాలి, జంకకూడదు. ముందు మన ఇంటి సంగతి చెబితే ఎదుటివాళ్ళకి నిలదీసినట్టు అనిపించదు. ఇక్కడివాళ్ళు దీనికి తప్పు పట్టుకుంటారని నువ్వు భయపడతావు, పట్టుకోరు. ఇక్కడి పిల్లల డాక్టర్లే అడగమంటారు, జూన్ 21ని దానికోసం ఒక రోజుగా కూడా జరుపుతారు. ఉందని చెప్పి, ఎక్కడ పెట్టారో స్పష్టంగా చెప్పకపోతే, "ఈసారి మా ఇంటికే పంపండి, పులిహోర చేస్తున్నా" అను. తగాదా అక్కర్లేదు. కారులో ఉందేమో కూడా అడుగు. ఇక్కడ డాష్‌బోర్డు సొరుగులో పడేసి తిరిగేవాళ్ళు చాలామంది.

మనవాళ్ళ ఇళ్ళలో అడగక్కర్లేదనుకోకు. బంగారం కోసం మన ఇళ్ళ మీద దొంగలు పడుతున్నారని ఈమధ్య మన తెలుగువాళ్ళు చాలామంది కొంటున్నారు. అసలు మనవాళ్ళ విషయంలోనే నాకు భయం ఎక్కువ. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తుపాకీ దొరకదు. బ్యాంకు బయట గార్డు భుజాన తప్ప మనం దగ్గరగా చూసింది లేదు. నేను కాలేజీలో ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఐదు రౌండ్లు పేల్చాను. ఆ ఐదింటికి ముందు హవల్దారు మాచేత వారం రోజులు ఖాళీ రైఫిలే పట్టించాడు. ఇక్కడ కొట్లో కొని అదే రోజు ఇంటికి తెచ్చుకునేవాళ్ళకి ఆ వారం ఎవరు నేర్పుతారు? తూటాలు నింపే మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటారు, గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉంటుంది. చదువుకోడానికొచ్చిన మన కుర్రాడొకడు కొత్తగా కొన్న తుపాకీ శుభ్రం చేసుకుంటుంటే అది పేలి చనిపోయాడని 2024లో పేపర్లో చూసి నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

అల్లుడుగారు కూడా ఒకటి కొందామంటున్నారని మీ అమ్మ చెప్పింది. వద్దని నేను అనగలను గానీ, మీ ఇల్లు, మీ నిర్ణయం. కొంటే మాత్రం లాక్‌బాక్స్ ముందు కొని, తుపాకీ తర్వాత కొనమను. తూటాలు తీసేసి తుపాకీకి తాళం, తూటాలు వేరే చోట ఇంకో తాళంలో. పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేదీ ఇదే. తుపాకీలోంచి దూర్చి వేసే కేబుల్ తాళాలు చాలా పోలీసు స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు. బీరువా పైన, పరుపు కింద, చీరల మధ్య, ఇవి దాచినట్టు కాదు. నువ్వు చిన్నప్పుడు అటక మీది సున్నుండల డబ్బా ఎన్నిసార్లు దించావో గుర్తు తెచ్చుకో. మూడు నాలుగేళ్ళ పిల్లల్లోనే నలుగురిలో ఒకరికి ట్రిగ్గర్ నొక్కే బలం ఉంటుందట. 2023 జనవరిలో వర్జీనియాలో ఆరేళ్ళ పిల్లాడు తల్లి తుపాకీ బడికి తెచ్చి టీచరుని కాల్చాడు. ఆవిడ బతికింది. ఆ వార్త విన్నప్పుడు నా పాత క్లాసు గది కళ్ళ ముందుకొచ్చింది. వాడికి ఎన్ని పాఠాలు చెప్పి ఉంటే ఆగేవాడు? తాళం వేసి ఉంటే చాలు కదా.

ఒక మాట రాయాలంటే చెయ్యి రావట్లేదు, అయినా రాస్తాను. ఈ దేశంలో 2020 నుంచి ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ళ దాకా వయసున్నవాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా పోతున్నది తుపాకీ వల్లే. అందులో పొరపాటున పేలి పోయేది కొద్దిమంది. హత్యలు ఎక్కువ, తర్వాత ఆత్మహత్యలు. మీ వాడికి ఇప్పుడు ఏడేళ్ళు. పదిహేను వస్తాయి, మార్కుల టెన్షన్ వస్తుంది, మనతో మాట్లాడని రోజులు వస్తాయి. ఆ వయసు పిల్లాడికి తుపాకీ ప్రమాదమని తెలియక కాదు. మనసు బాగాలేని ఆ పది నిమిషాల్లో అది చేతికి అందకూడదు, అంతే. తాళం చెవి, కోడ్ నంబరు అప్పటికీ వాడికి తెలియకూడదు. బడి పాఠం వాణ్ణి దీని నుంచి కాపాడలేదు. ఆ తాళం కాపాడుతుంది, వాడి పక్కన కూర్చుని మాట్లాడే నువ్వు కాపాడతావు.

బడికి వెళ్ళి టీచరుని కలువు. పాఠం ముందుగా చూపించమని అడుగు, పిల్లలకి భయం వేస్తే ఏం చేస్తారో కనుక్కో. ఇరవై రెండేళ్ళలో అలా వచ్చి అడిగిన తల్లిని నేను ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పాఠం జరిగిన రోజు సాయంత్రం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెప్పారో వాడి మాటల్లోనే చెప్పించుకో. భయపడితే ఒళ్ళో పడుకోబెట్టుకో, ఆ రోజుకి అంతకన్నా ఏమీ వద్దు.

శనివారం వాడు ఆ కొత్త స్నేహితుడి ఇంటికి వెళ్తున్నాడన్నావు. శుక్రవారం లోపే ఆ పిల్లాడి తల్లికి మెసేజ్ పెట్టు. ఎలా రాయాలో తోచకపోతే ముందు నాకు పంపు, సరిచేసి ఇస్తాను. ఆవిడ ఏమందో ఫోన్ చేసి చెప్పు, మీ పెదనాన్నగారు కూడా అడుగుతున్నారు.

ప్రేమతో,
పెద్దమ్మ