రాజీనామా కన్నా ముందు సొంత పాలసీ

భీమవరంలో రొయ్యల ఎగుమతి కంపెనీలో లెక్కలు చూసే పాలకొల్లు సోదరి ఒకరు ఉత్తరం రాశారు. వయసు 34. పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ బయటపడి రెండేళ్లయింది. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో పూటకు నాలుగైదుసార్లు బాత్‌రూమ్‌కి వెళ్లక తప్పదు. వెళ్లినప్పుడల్లా మేనేజరు అందరి ముందూ గడియారం చూపిస్తాడు, పక్క సీట్లవాళ్లు నవ్వుతారు. జీతం 26,000. చేతిలో 40,000 ఉంది, ఏడు నెలల్లో లక్ష రూపాయల చీటీ చేతికొస్తుంది. ‘రేపే మానేసి, మూడు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చి మా తమ్ముడి రొయ్యల చెరువులో వాటా పెట్టమంటారా అండీ?’ అని అడిగారు.

అమ్మా, జబ్బు మనిషిని బాత్‌రూమ్‌కి వెళ్లినందుకు నవ్వులపాలు చేయడం నీచమైన పని. మీరు అక్కడి నుంచి బయటపడాల్సిందే. కానీ రేపు కాదు.

‘ఆసుపత్రి ఖర్చుకి కంపెనీ కార్డు ఉంది కదా’ అని రాశారు, అది చదివి భయమేసింది. ఆ కార్డు కంపెనీ తన ఉద్యోగులందరికీ కలిపి తీసుకున్న గ్రూపు ఆరోగ్య బీమాది. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడతారు. మీరు మానేస్తే ఆ కార్డు సాధారణంగా అదే రోజు చెల్లకుండా పోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లయితే మర్నాడు ఇంకో పాలసీ కొనుక్కుంటారు. మీకు కొత్త పాలసీలో కొలైటిస్‌కి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బు ఖర్చు ఇవ్వరు, అసలు పాలసీయే ఇవ్వమనొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఆ గడువు 36 నెలలు దాటకూడదన్న నియమం వచ్చింది గానీ, మూడేళ్లూ తక్కువేం కాదు. అందుకని ఉద్యోగంలో ఉండగానే, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారతానని అడగండి. గ్రూపు పాలసీలో గడిచిన కాలం వెయిటింగ్‌లో కలిసొస్తుంది. ఒప్పుకోవడం వాళ్ల పరిశీలన మీద ఉంటుంది కాబట్టి, పాలసీ చేతికొచ్చేదాకా రాజీనామా ఊసెత్తకండి. జబ్బు సంగతి రాయొద్దనే ఏజెంటు మాట అస్సలు వినకండి. దాచిపెడితే క్లెయిము రోజున మిమ్మల్ని నిలువునా ముంచుతుంది.

ఇక ఆ అప్పు. 3 లక్షలకు మూడు రూపాయలంటే నెలకు 9,000 వడ్డీ. జీతం ఆగిపోయి, మందులకే 4,000 పోతున్న ఇంట్లో ఆ డబ్బు ఎక్కడిది? రొయ్యలకి వైట్ స్పాట్ వైరస్ జబ్బు తగిలితే చెరువు రోజుల్లో ఖాళీ అవుతుంది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య ధర ఎలా పడిపోయిందో, ఆ లెక్కలు రాసే మీకే బాగా తెలుసు. తెలిసీ ఇలా అడగడం నాకు కష్టంగా ఉంది. ఈ అప్పు చేయొద్దు, రూపాయి వడ్డీకి దొరికినా చేయొద్దు.

మందులతో కలిపి మీ ఇంటి ఖర్చు నెలకు 22,000 అన్నారు. ఆరు నెలలకు 1,32,000. చీటీ డబ్బు, చేతిలో ఉన్నదీ కలిపితే 1,40,000, సరిగ్గా సరిపోతుంది. అది బ్యాంకులోనే ఉండాలి, తమ్ముడు అడిగినా సరే. పైగా మీ సర్వీసు 4 ఏళ్ల 5 నెలలు. ఏడు నెలలు ఓపిక పడితే ఐదేళ్లు నిండి, 13,000 బేసిక్ మీద 37,500 గ్రాట్యుటీ వస్తుంది. అది ప్రీమియానికి పక్కన పెట్టండి. పీఎఫ్ కదపకండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉందేమో సచివాలయంలో కనుక్కోండి.

ఈ ఏడు నెలలూ ఊరికే పడి ఉండమనడం లేదు. తరచూ బాత్‌రూమ్‌కి వెళ్లడం జబ్బు లక్షణమని డాక్టరు దగ్గర చీటీ రాయించుకుని, సీటు దగ్గరగా మార్చమని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. ఎవరు ఏ రోజు ఏమన్నారో తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఒళ్లు తట్టుకోలేకపోతే జీతం లేని సెలవు అడగండి, ఆ సెలవులో కార్డు పనిచేస్తుందో లేదో ముందే తేల్చుకోండి. ఇక అక్కడ ఉండొద్దని డాక్టరే అంటే మాత్రం గ్రాట్యుటీ కోసం చూడకండి, మానేయండి.

కార్డు మీద బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉంటాయి. పాలసీ మార్పు గురించి రేపు నేరుగా వాళ్లకే మెయిల్ రాయండి, ఆఫీసు మెయిల్ నుంచి కాకుండా మీ సొంత మెయిల్ నుంచి.