మాట రానివారిని ఇంటర్వ్యూ చేయడమా?

ప్రశ్న: మేడమ్, నేను స్పీచ్ థెరపీలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పక్షవాతం వచ్చి మాట దెబ్బతిన్నవాళ్లు, అంటే అఫేసియా ఉన్నవాళ్లు, ఇంటికెళ్లాక ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకోవడానికి ఎనిమిది మందిని ఇంటర్వ్యూ చేద్దామనుకున్నాను. మా గైడ్ ఒప్పుకోవడం లేదు. ‘ఎనిమిది మందితో ఏం తేలుతుంది? స్కోర్లేవి? అయినా మాటే రానివాళ్లను ఏం అడుగుతావు, ఇంట్లోవాళ్లను అడుగు’ అంటున్నారు. సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ గైడ్ గారి మొదటి అభ్యంతరానికి నచ్చజెప్పవచ్చమ్మా. రెండోదానికి మాత్రం తలొగ్గకండి.

ఎంతమంది కావాలన్నది అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఆలస్యంగా వస్తుందా అని హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చూసింది. 2013లో వెలువడిన ఆ అధ్యయనంలో 648 మంది రోగులున్నారు. సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యమని తేలింది. అది లెక్కతోనే తేలే విషయం. మీది వేరు. కిరాణా కొట్టు నడిపిన మనిషి ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాడా, ఫోన్ మోగితే ఎవరు ఎత్తుతున్నారు, పెళ్లికి పిలిస్తే వెళ్తున్నాడా, ఏదో ఒక వంక చెప్పి ఇంట్లోనే ఉండిపోతున్నాడా? మాట ఎంత దెబ్బతిందో కొలిచే వెస్ట్రన్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్షలో ఎంత స్కోరు వచ్చినా ఇవి తెలియవు. ఒక్కొక్కరి దగ్గరికి రెండు మూడుసార్లు వెళ్లి తీరిగ్గా కూర్చుంటే ఎనిమిది మంది తక్కువేం కాదు.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. వాళ్లను అడిగితే వాళ్ల కథ వస్తుంది. అదీ కావలసిందే, కానీ అది వేరే థీసిస్. చార్లెస్ గుడ్‌విన్ అనే అమెరికన్ పరిశోధకుడు సొంత తండ్రి గురించి 1995లో రాసిన వ్యాసం ఉంది, సంపాదించి చదవండి. పక్షవాతం తర్వాత ఆ పెద్దాయనకు మిగిలినవి మూడే మాటలు: ఎస్, నో, అండ్. ఇంట్లో సాగే మామూలు కబుర్లను గుడ్‌విన్ వీడియో తీసి, ఒక్కో ముక్కా పరిశీలించాడు. గొంతులో ఎత్తుపల్లాలు, చేతి సైగ, ఎదుటివాళ్లు అన్నదాన్ని ఔననడం, కాదనడం... వీటితోనే ఆయన తనకు కావలసింది చెప్పించుకునేవాడు. పొరపాటుగా అర్థం చేసుకుంటే ఊరుకునేవాడు కాదు. ఒక్క మనిషితో అంత పని జరిగిందని మీ గైడ్ గారికి చూపించండి.

అందుకే ఆడియో రికార్డర్ చాలదు, వీడియో కావాలి. ఆస్పత్రి ఓపీలో కాదు, వాళ్లింట్లో. భార్యో కొడుకో పక్కనే చేరి ‘ఆయన అనేదేంటంటే’ అని అందుకుంటారు. మన ఇళ్లలో అది తప్పదు, వాళ్లను బయటికి పంపనూ వద్దు. ఎక్కడ అందుకున్నారు, అప్పుడు ఆయన తల అడ్డంగా ఊపారా, ముఖం తిప్పుకున్నారా అన్నదీ మీ డేటానే. ముఖ్యమైన మాటలు పెద్దక్షరాలతో కాగితం మీద రాసి ముందుంచండి. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ యూనివర్సిటీలో మొదలైన టాకింగ్ మ్యాట్స్ పద్ధతి కూడా పనికొస్తుంది: బొమ్మల కార్డులు ఇచ్చి ఇష్టం, పర్వాలేదు, ఇష్టం లేదు అన్న వరసల కింద పెట్టమంటారు. బొమ్మలు మాత్రం మనవే ఉండాలి. ఆటో, రేషన్ షాపు, గుడి, టీ కొట్టు.

అన్నిటికంటే కష్టం మన నోరు కట్టేసుకోవడం. థెరపిస్టులం కదా, తడబడగానే మొదటి అక్షరం అందించేస్తాం. ఇంటర్వ్యూలో అలా అందిస్తే ఆయన నోట వచ్చేది మీ మాటే. ఔను, కాదు తారుమారయ్యేవాళ్లూ ఉంటారు కాబట్టి, ముఖ్యమైన విషయాన్ని తిప్పి ఇంకోసారి అడగండి. మీరే థెరపీ ఇచ్చినవాళ్లను మీరే ఇంటర్వ్యూ చేయకండి. ‘బాగుందమ్మా’ తప్ప ఇంకో మాట రాదు.

ఎథిక్స్ కమిటీకి ఇచ్చే అంగీకార పత్రాన్ని కూడా బొమ్మలతో, చిన్న వాక్యాలతో తయారు చేసుకోండి. కొడుకు సంతకం ఒక్కదానితో సరిపెట్టకండి.

విశ్లేషణకు బ్రాన్, క్లార్క్ అనే పరిశోధకుల థీమాటిక్ అనాలిసిస్ (చెప్పినవాటిలోని అర్థాలను థీమ్స్‌గా కూర్చే పద్ధతి) చాలు. 2006 వ్యాసంతో ఆగిపోకుండా, తర్వాత వాళ్లు రాసినవీ చూడండి. ఒక్క విన్నపం: ‘థీమ్స్ బయటపడ్డాయి’ అని రాయకండి. అవి వాటంతట అవి బయటపడవు, మీరు కూర్చుతారు. ఎందుకు అలా కూర్చారో రోజూ డైరీలో రాసుకోండి. థీసిస్‌లో నేను మొదట తిరగేసేది ఆ పేజీలనే.

ఇక మీ గైడ్ గారి కోసం, ఇంటర్వ్యూ పరిశోధనల నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే, 2007లో వచ్చిన కోరెక్ అనే 32 అంశాల జాబితాను సినాప్సిస్‌కు జత చేయండి. ఆ జాబితాలో అన్నీ నాకు నచ్చవు గానీ చెక్‌లిస్టు చూస్తే చాలామంది గైడ్లు మెత్తబడతారు. అప్పటికీ స్కోర్లేవి అంటే, పాల్గొన్నవారి వివరాల పట్టికలో అఫేసియా బ్యాటరీ స్కోర్లు వేసి చూపించండి. అవి ఎలాగూ అక్కడ ఉండాల్సినవే.