బూజు చూడటానికి ఇన్‌స్పెక్టర్ వచ్చే ముందు

అమ్మలూ,

పడకగది గోడకి బూజు పట్టిందని, ఇన్‌స్పెక్టర్ని పిలిచానని రాశావు. మంచి పని చేశావు. ఆయన వచ్చేలోపు మాత్రం గోడ తుడవకు, బ్లీచింగ్ చల్లకు, పెయింటు అసలే వేయించకు. ఇంటికి మనిషి వస్తున్నాడంటే అంతా శుభ్రం చేసేయాలనిపిస్తుంది కానీ, ఆయనకి కావాల్సింది ఆ మరకే. బీరువా గోడ నుంచి కాస్త జరిపించు, సింకు కింద డబ్బాలు తీసెయ్. ఏ పైపు ఎప్పుడు లీకైందో, ఏ వానకి ఎక్కడ కారిందో కాగితం మీద రాసిపెట్టుకో. గాలి శాంపిల్ తీస్తానంటే, కిటికీలు ఎప్పట్నుంచి మూసి ఉంచాలో ముందే అడుగు.

ముందు ప్రశ్నలు బోలెడు వేస్తాడు. ముక్కిన వాసన ఏ వేళ ఎక్కువ, ఏసీ నీళ్లు ఎటు పోతాయి, గోడ అవతల ఏముంది... విసుక్కోకుండా చెప్పు. తర్వాత తేమ మీటర్ తీస్తాడు. దానికి రెండు సన్నటి సూదులుంటాయి. మరక మీద ఓసారి, జానెడు అవతల ఓసారి, పొడి గోడ మీద ఓసారి గుచ్చి చూస్తాడు. అంకె ఎటు పెరుగుతుంటే సాధారణంగా నీళ్లు అటునుంచే వస్తున్నట్టు. పక్కనే నిలబడి చూడు. థర్మల్ కెమెరా తెస్తే మురిసిపోకు. అది గోడలో చల్లగా ఉన్న చోటు చూపిస్తుందంతే, అక్కడ తడి ఉందో లేదో మళ్లీ మీటరే చెప్పాలి. పెట్టకపోతే నువ్వే పెట్టించు.

గోడ కింద తెల్లటి పొడి ఉందన్నావు, ఓ నీటిచుక్క వేసి చూడు. కరిగితే ఉప్పు, బూజైతే కరగదు. ఉప్పే అని సంబరపడకు, గోడలోంచి నీళ్లు వస్తేనే అదీ పైకి తేలేది.

ఇక ల్యాబ్ పరీక్షలు. బూజు కంటికి కనిపిస్తుంటే చాలాసార్లు అవి దండగ. ఏ రకమైనా తడి ఆపి, దాన్ని తీసేయాల్సిందే. నల్లగా ఉందని టెన్షన్ పడకు, రంగు చూసి రకం చెప్పలేం. వాసన వస్తూ ఎక్కడా కనపడనప్పుడు గాలి శాంపిల్‌కి అర్థముంది. అప్పుడైనా పోల్చడానికి ఆరుబయట గాలి కూడా పట్టాలి, ఎందుకంటే బూజు స్పోర్లు, అంటే కంటికి కనపడని దాని విత్తనాల్లాంటివి, లేని చోటంటూ ఉండదు. గాలిలో అవి ఇంత దాటితే ప్రమాదమనే హద్దు అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా పెట్టలేదు. కాబట్టి అంకె ఒక్కటి చూపించి బెదిరిస్తే బెదరకు.

చూసేవాళ్లే బాగుచేస్తామని కూడా అంటే నాకు నమ్మకం తక్కువ. పెద్ద బూజు కనపడితేనే వాళ్లకి పెద్ద బేరం.

రిపోర్టులో ఫోటోలు, మీటర్ అంకెలు గదుల వారీగా ఉండాలి. నీళ్లు ఎక్కడివో అందులో లేకపోతే పని సగమే అయినట్టు, మొహమాటపడకుండా అడుగు. మరక 10 చదరపు అడుగుల లోపుంటే మాస్కు, గ్లౌజులు వేసుకుని సబ్బునీళ్లతో మీరే కడిగి ఆరబెట్టుకోవచ్చు. గదిలో తేమ మాత్రం 60 శాతం దాటనివ్వకండి.

రిపోర్టు రాగానే నాకు పంపు. బాబు దగ్గు సంగతి దానికోసం ఆపకు, డాక్టరుకి చూపించు. మీటర్ పట్టుకొచ్చినాయన వైద్యం గురించి ఏం చెప్పినా విని ఊరుకో.

మీ బాబాయి