రెక్క చివర 3 మిల్లీమీటర్లు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ విజయనగరం కాలేజీ కుర్రాళ్లు కడుతున్న రేసు కారు ఫొటోలు చూశాను. డౌన్‌ఫోర్స్ (కారుని నేలకి నొక్కే గాలి బలం) చాలట్లేదని వెనక రెక్క వాలు పెంచుకుంటూ పోతున్నారు. వద్దురా. వాలు మితిమీరితే గాలి రెక్క అడుగుభాగాన్ని వదిలేస్తుంది. అప్పుడు డౌన్‌ఫోర్స్ పడిపోతుంది, డ్రాగ్ (కారుని వెనక్కి లాగే గాలి నిరోధం) మాత్రం పెరుగుతుంది.

ముందు గర్నీ ఫ్లాప్ పెట్టి చూడు. 1971లో అమెరికన్ రేసర్ డాన్ గర్నీ రేసు కారు రెక్క వెనకంచున నిలువుగా బిగించిన సన్నని రేకుపట్టీ అది. నాగావళి వరదలో వంతెన స్తంభం వెనక నీళ్లు సుడి తిరగడం చూశావు కదా, ఈ రేకు వెనక గాలీ అలాగే తిరుగుతుంది. అక్కడ పీడనం తగ్గి, అడుగున పారే గాలిని వెనకంచు దాకా అంటిపెట్టుకునేలా లాగుతుంది.

రేకు ఎత్తు, రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా ఉన్న కొలతలో 1 నుంచి 2 శాతం. మీది 300 మి.మీ. అయితే 3తో మొదలుపెట్టు, 6 దాటకు. దాటితే డౌన్‌ఫోర్స్ కన్నా డ్రాగే ఎక్కువ పెరుగుతుంది. 1 మి.మీ. అల్యూమినియం రేకుని ఎల్ ఆకారంలో వంచి, అంచులు ఆకురాయితో రుద్ది, రెక్క పైవైపున పైకి నిలబడేలా పెట్టు. కిందివైపు పెట్టావంటే ఉన్న డౌన్‌ఫోర్స్ కూడా తగ్గుతుంది. రేకు కింద సందు ఉండకూడదు, టేపుతో మూసెయ్.

రివెట్లు అప్పుడే కొట్టకు. డబుల్ సైడ్ టేపుతో అంటించి, దారాల పరీక్ష చెయ్. 7-8 సెం.మీ. ఉలెన్ దారం ముక్కల్ని రెక్క అడుగున, వెనక సగంలో, వరసగా 5 సెం.మీ. ఎడంతో అంటించు. టేపు ముందు కొసకే, తోక వదిలెయ్. రెక్క నలుపైతే దారం తెలుపు. అడుగు కనిపించేలా ఫోన్ గట్టిగా కట్టు. సముద్రపు గాలి లేవకముందే, తెల్లారగట్ల, కాలేజీ అనుమతితో లోపలి రోడ్డు మీదే నడపండి. హైవే మాట ఎత్తకండి. దారాలు తిన్నగా వెనక్కి పరుచుకుంటే గాలి అంటుకునే ఉంది. గింగిరాలు తిరిగినా, ముందుకి మళ్లినా అక్కడ విడిపోయింది, వాలు ఒక్కో డిగ్రీ తగ్గించు.

40 కి.మీ. వేగంలో ఏమీ తెలియట్లేదని నిరాశపడకు. 80లో డౌన్‌ఫోర్స్ దానికి నాలుగింతలు.

ఇంకోటి. రెక్క వెనక ఇరుసు దాటి ఉంటుంది కాబట్టి, అక్కడ డౌన్‌ఫోర్స్ పెరిగితే ముందు చక్రాలు తేలికవుతాయి. వేగంగా మలుపు తిప్పినప్పుడు కారు ముక్కు బయటికి జారితే తప్పు రేకుది కాదు, ముందు రెక్క కూడా సరిచెయ్యాలి.

3 మి.మీ.ది, 6 మి.మీ.ది, రేకు లేనిది, మూడింటి దారాల వీడియోలూ ఒకే వేగంలో తీసి పంపు. చూశాక రివెట్ల సంగతి చెబుతాను.

నీ మావయ్య,
శ్రీకాకుళం