ఊరి అంబులెన్సు మూలపడకుండా నడవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: "దాతలు కలిసి మా మండలానికి కొనిచ్చిన మారుతి ఈకో అంబులెన్సు ఏడాదిన్నరకే పంచాయతీ ఆఫీసు వెనక మూలపడింది. మా తండాలకు 108 రావడానికి చాలా సేపు పడుతోంది. ఈ బండిని మళ్లీ నడిపించడం ఎట్ల?"

బండి కొనడానికి పదిమంది ముందుకొస్తారు, రిబ్బన్ కత్తిరించడానికి ఇరవై మంది. టైర్లకు, డ్రైవరు జీతానికి మాత్రం ఎవరూ రారు. నన్నడిగితే ఊరి అంబులెన్సు ఇంజను చెడిపోయి ఆగేది తక్కువ, రాత్రి పూట ఫోన్ ఎత్తే మనిషి లేక ఆగేదే ఎక్కువ. మీ బండి కూడా అట్లనే ఆగి ఉంటుంది. ముందు మెకానిక్‌ను కాదు, డ్రైవర్లను వెతకండి.

లెక్క చూడండి. నెలకు 720 గంటలు. ఒక మనిషి రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులు చేస్తే 208 గంటలు. అంటే ఇరవై నాలుగు గంటలూ బండి దగ్గర మనిషి ఉండాలంటే మూడున్నర మంది కావాలి. కమిటీలేమో ఒక్కణ్ని పెట్టుకుని, అతను పెళ్లికో జాతరకో పోయినరోజు ఫోన్ ఎత్తలేదని తిడతాయి. చిన్న ఊరికి కుదిరే దారి ఒకటుంది. ఇద్దరిని జీతం మీద పెట్టుకోండి. ఊళ్లో ఆటో, డీసీఎం నడిపే ఇంకో నలుగురిని రాసిపెట్టుకుని, వచ్చిన ట్రిప్పుకు ఇంత అని ఇవ్వండి. కారు లైసెన్సు పనికిరాదని కొందరిని పక్కన పెడుతుంటారు. 7,500 కిలోల లోపు బండికి ఎల్‌ఎంవీ (కారులాంటి తేలికపాటి బండ్ల) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంకో మాట, ఫోన్ నంబరు కమిటీ పేరు మీద ఉండాలి. డ్రైవరు సొంత నంబరే గోడల మీద రాయించారంటే, అతను హైదరాబాద్ పోయిన రోజు మీ అంబులెన్సు కూడా అతనితోనే పోతుంది.

ఇక అందరూ నిర్లక్ష్యం చేసేది ఆక్సిజన్. రాత్రి రెండింటికి నల్లగొండ జిల్లా చందంపేట దిక్కు తండా నుంచి ఫోన్ వచ్చిందనుకోండి. నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము కరిచింది. గాటు సరిగా కనపడదు, వాపు ఉండదు, అందుకని ఇంటోళ్లు ఏమీ కాలేదనుకుని ఊరుకుంటారు. రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చినప్పుడు ఫోన్ చేస్తారు. అప్పటికే ఊపిరి కండరాల వంతు వస్తుంటుంది. ఆ బండిలో పనికొచ్చేవి రెండే, ఆక్సిజన్ సిలిండరు, అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి). సిలిండరు తిప్పబోతే కీ ఉండదు. సీటు కింద వెతికి తిప్పితే మీటరు ముల్లు 60 చూపిస్తుంది. అరె, సగం దాకా ఉంది కదా అని బయలుదేరుతారు.

ఆ 60 ఎంతసేపు వస్తుందో డ్రైవరుకు నోటికి రావాలి. బి టైపు సిలిండరులో 10 లీటర్ల నీళ్లు పట్టే జాగా ఉంటుంది. ముల్లు చూపే అంకెను పదితో గుణిస్తే లోపలున్న ఆక్సిజన్ లీటర్లలో వస్తుంది. నిండుగా ఉంటే 150, అంటే 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలు. ముల్లు 60 మీదుంటే 600 లీటర్లు, సరిగ్గా ఒక గంట. దేవరకొండ నుంచి నల్లగొండ పెద్దదవాఖానకే దాదాపు 60 కిలోమీటర్లు, తండా నుంచి దేవరకొండకు వచ్చిన దూరం దాని మీద అదనం. నల్లగొండ పొలిమేర కూడా రాకముందే సిలిండరు అయిపోతుంది. అందుకే ముల్లు 75కు దిగితే నింపించుకు రావాలి, బండిలో ఎప్పుడూ రెండు ఉండాలి.

సిలిండరు వాడకుండానే ఖాళీ అవుతోందంటే రెగ్యులేటరు బిగించే చోట వాషరు అరిగిపోయి ఉంటుంది. సబ్బు నురగ పూస్తే బుడగలు వస్తాయి, వాషరు మార్చండి. పట్టేసిందని నూనె, గ్రీసు మాత్రం పూయకండి, ఆక్సిజన్ ఒత్తిడికి అది అంటుకుంటుంది. ముల్లును చూసేటప్పుడు ఫ్లో 10కి తిప్పి చూడాలి. వాల్వు సరిగా తెరుచుకోకపోతే ఊరికే ఉన్నప్పుడు నిండుగా చూపించి, గాలి పారగానే ముల్లు కింద పడుతుంది. పని అయ్యాక సిలిండరు వాల్వు మూసి, రెగ్యులేటరులో మిగిలింది వదిలేసి, ముల్లు సున్నాకు వచ్చాకే పక్కన పెట్టాలి. కీని సిలిండరు మెడకే గొలుసుతో కట్టేయండి. పాము కేసుల్లో కట్టు కట్టడం, కోయడం ఏదీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా పెట్టి, దగ్గర్లో విషం విరుగుడు మందు ఉన్న సర్కారు దవాఖానకు ముందే ఫోన్ చేసి కనుక్కుని అక్కడికే పోవాలి. మొదటి మోతాదే 10 వయల్స్ (చిన్న మందు సీసాలు), అందుకే "ఉందా" అని కాదు, "ఎన్ని ఉన్నాయి" అని అడగాలి. ఊపిరి ఆగుతుంటే పెద్దవాళ్లకైతే ఐదారు సెకన్లకు ఒకసారి బ్యాగు నొక్కాలి. కంగారులో అందరూ గబగబా నొక్కేస్తారు, గాలి కడుపులోకి పోయి వాంతి అవుతుంది. ఈ పనికి వెనక ఒక మనిషి ఉండి తీరాలి, డ్రైవరొక్కడితో కాదు.

స్ట్రెచరు గురించి ఎవరూ చెప్పరు. పెద్దదవాఖాన క్యాజువాలిటీలో ఖాళీ స్ట్రెచరు దొరక్కపోతే మీ పేషెంటును మీ స్ట్రెచరు మీదే ఉంచేస్తారు. బండి అక్కడే నిలబడిపోతుంది. ఊళ్లో ఇంకో ఫోన్ మోగుతుంటుంది. మడతపెట్టే క్యాన్వాసు స్ట్రెచరు ఒకటి అదనంగా పెట్టుకుంటే దాన్ని వదిలేసి వచ్చేయొచ్చు, మర్నాడు తెచ్చుకోవచ్చు. దాని మీద ఊరి పేరు పెయింటుతో రాయించండి, లేకపోతే మళ్లీ కనపడదు.

పైసల సంగతి. నెలకు 30 ట్రిప్పులు, ట్రిప్పుకు రానుపోను 120 కిలోమీటర్లు అనుకుందాం. 3,600 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని లీటరుకు 12 వస్తే 300 లీటర్లు, లీటరు రూ.107 లెక్కన రూ.32,100. ఇద్దరు డ్రైవర్లకు 14,000 చొప్పున 28,000. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, సర్వీసింగు కోసం నెలనెలా పక్కన పెట్టాల్సింది 3,000. ఆక్సిజన్, గ్లౌజులు, మాస్కులకు 2,000. టైర్లకు 1,300. మొత్తం రూ.66,400, అంటే కిలోమీటరుకు పద్దెనిమిదిన్నర. 600 ఇండ్లు నెలకు 50 ఇస్తే 30,000 వస్తాయి. మిగతాది ట్రిప్పుల మీద రావాలి. ముప్పైలో పదిమంది ఇవ్వలేరు, వాళ్లను అడగొద్దు కూడా. తక్కిన ఇరవై మంది కిలోమీటరుకు 15 చొప్పున 1,800 ఇస్తే 36,000. దాదాపు సరిపోతుంది, ట్రిప్పుకు డబ్బులిచ్చే డ్రైవర్ల ఖర్చుకు మాత్రం దాతలను పట్టుకోవాలి. నెలనెలా 50 వసూలు చేయడం ఎవరివల్లా కాదు. వానాకాలం వడ్లు, పత్తి అమ్మినప్పుడు 300, యాసంగి కోతలప్పుడు 300 తీసుకోండి, చేతిలో పైసలున్నప్పుడు ఎవరూ కాదనరు. లెక్క పంచాయతీ గోడ మీద రాయండి.

108తో పోటీ పడకండి. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవలో పని నేర్చిన మనిషి, మందు, పరికరం ఉంటాయి, మీ దగ్గర ఉండవు. ఫోన్ రాగానే వాళ్లకూ చేయించి, వాళ్ల బండి దూరంగా ఉంటే మీరు బయలుదేరి దారి మధ్యలో అప్పగించండి. మీ 120 కిలోమీటర్లు 40కి దిగుతాయి.

ఒక చిరాకు కూడా చెప్పనివ్వండి. దాతల ఫొటోలు వెనక అద్దం నిండా అంటిస్తారు, రాత్రి మెరిసే ఎర్ర టేపు వాటి కింద దాక్కుంటుంది. నామినేషన్ల ర్యాలీలో సైరన్ వేసుకుని తిప్పుతారు. ఇక ఎవరు దారి ఇస్తారు?

ఇప్పుడు మీ మూలపడ్డ బండి. నేరుగా స్టార్ట్ చేయకండి. బానెట్ కింద ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి. ఆరు నెలలు దాటిన పెట్రోలు తీసేయించి, ఇంజనాయిలు, ఫిల్టరు మార్చండి. బ్యాటరీ మీటరులో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కిందకు పడి చాలా రోజులైతే కొత్తది తప్పదు. సైరను, జీపీఎస్ బండి ఆగి ఉన్నా కరెంటు తాగుతాయి, కట్-ఆఫ్ స్విచ్ పెట్టించండి. పొద్దున ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే ఛార్జింగు ఎక్కదు, వారానికోసారి పాతిక కిలోమీటర్లు తిప్పాలి. టైరు మీద చివరి నాలుగంకెలు చదవండి, 2219 అంటే 2019లో 22వ వారం. పైన గాడులు బాగున్నా ఆరేళ్లు దాటితే మన ఎండలకు పగిలిపోతుంది. కొత్త బండికి ఫిట్‌నెస్ రెండేళ్లే, మీది దగ్గర పడింది, ఆ కాగితం లేకుండా యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సుతో తిప్పలు. హైదరాబాద్-విజయవాడ దారిలో పంతంగి టోల్ గేటు దిక్కు పోయేదుంటే టోల్ మినహాయింపు ఫాస్టాగ్‌కు కూడా పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాక నలుగురిని ఎక్కించుకుని యాభై కిలోమీటర్లు తిప్పి చూడండి. వెనక చక్రం వేడెక్కి కాలిన వాసన వస్తే బ్రేకు పట్టేసినట్టు. వానాకాలమంతా హ్యాండ్ బ్రేకు లాగి నిలిపిన బండికి అదే అవుతుంది. ఇకమీదట గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి నిలపండి.