అమ్మలూ, ముందు వాళ్ళ లెక్క విను

గుంటూరు, బ్రాడీపేట

అమ్మలూ,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు రాసిన మూడు పేజీలూ రెండుసార్లు చదివాను. ఫోనులో చెబితే ఏడుపొస్తుందని రాశానన్నావు. ఇది ఫోనులో తేలే మాట కాదు కాబట్టి నేనూ కూర్చుని రాస్తున్నాను.

శిక్షణలో నేర్పినట్టు లెక్కల పీరియడులో ఏడో తరగతి పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టావు. గది సంతలా మారింది. పక్క గది మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడేసరికి నీకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి మళ్ళీ నువ్వు చెప్పడం, వాళ్ళు రాసుకోవడం. గది ప్రశాంతంగానే ఉంది కానీ పరీక్షలో సగం మంది ఖాళీ కాగితాలు ఇచ్చారు. ఈ ఉద్యోగానికి నేను పనికిరానేమో అని చివర రాశావు.

పనికిరాని మనిషి ఆ ఖాళీ కాగితాల గురించి మూడు పేజీలు రాయదు. ఇక ఆ ప్రశాంతత సంగతి. దాన్ని మాత్రం నమ్మకు. నేను దాదాపు పదేళ్ళు నమ్మాను. ఎలా బయటపడ్డానో చెబుతాను, ఇందులో మీ నాన్న కూడా ఉన్నాడు.

అప్పుడు నేను లెక్కలు చెప్పే ఆరో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. చివరి బల్ల, గోడ పక్క చోటు. వాళ్ళ నాన్న మిర్చి యార్డులో హమాలీ. ఏదడిగినా లేచి నిలబడేవాడు, నోరు తెరిచేవాడు కాదు. ఒకరోజు నల్లబల్ల మీద రెండంకెల గుణకారం ఇచ్చి పిలిస్తే సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వీడికి ఎక్కాలే రావు, ఇక్కడిదాకా ఎలా వచ్చాడని అందరి ముందూ అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఆ వేసవి ముందు మీ నాన్న ఊరి నుంచి మిరపకాయలు తెచ్చాడు. నేనూ యార్డుకు వెళ్ళాను. కాటా దగ్గర ఆ పిల్లవాడు కనిపించాడు, నాన్నకు టిఫిన్ తెచ్చాడట. ఆ రోజు మన సరుకుకు క్వింటా 4,200 ధర పలికింది. ఒక టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, 43 కిలోలు తూగింది. మీ నాన్న జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు. ఈలోగా వాడు, "1,806 అండీ" అన్నాడు. ఎలా చెప్పావురా అని అడిగాను. నన్ను చూసి కాస్త బెదిరి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "కిలో 42 మేడం. నలభై కిలోలకు 1,680. మూడు కిలోలకు 126. రెండూ కలిపితే అంతే కదా."

నేను బల్ల మీద ఇచ్చిన గుణకారం కూడా సరిగ్గా అలాంటిదే. వాడికి గుణకారం రాకపోవడం కాదమ్మా, నేను వేసే పద్ధతి వాడిది కాదు, వాడి పద్ధతి ఏమిటని నేను ఏనాడూ అడగలేదు. సోమవారం తరగతిలో వాడినే చెప్పమన్నాను. మొదట గోడకు చెప్పాడు, తర్వాత మెల్లగా ఇటు తిరిగాడు. వాడు చెబుతుంటే నేను బల్ల మీద 42 × (40 + 3) = 42 × 40 + 42 × 3 అని రాశాను. దీన్నే విభాగ న్యాయం అంటారని అప్పుడు చెప్పాను. ఆ పాఠం అంతకుముందు ఎన్నోసార్లు చెప్పాను. పిల్లలు పేరు బట్టీ పట్టేవాళ్ళు తప్ప అది దేనికో వాళ్ళకు తెలిసేది కాదు. ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి పాఠ్యపథకంలో మొదటి వరుసలో ఒకే ప్రశ్న రాసుకునేదాన్ని, ఈ విషయం గురించి వీళ్ళకు ముందే ఏం తెలుసు అని. విద్యార్థి కేంద్రంగా బోధించడమంటే నాకు అర్థమైంది ఇదే. చార్టులు, రంగు కాగితాలు, గుండ్రంగా వేసిన బల్లలు ఆ తర్వాతి సంగతి.

ఇప్పుడు నీ గ్రూపుల దగ్గరకు వద్దాం. పుస్తకంలోని అభ్యాసం ఇచ్చి నలుగురినీ కలిసి చేయమన్నావు. ఒకడు చేసేయగల లెక్కకు నలుగురెందుకు? ఒకడు చేస్తే మిగతా ముగ్గురూ కబుర్లాడారు. తప్పు ప్రశ్నది. ఈసారి ఒక్కో గ్రూపుకు మందు గీకేసిన అగ్గిపుల్లలు 24 ఇవ్వు. అన్నీ వాడి, పుల్లలు విరవకుండా ఎన్ని రకాల దీర్ఘచతురస్రాలు చేయగలరో, ఏది ఎక్కువ చోటు ఆక్రమిస్తుందో కనిపెట్టమను. గ్రూపుకు ఒక్కటే నోటుపుస్తకం. చుట్టుకొలత మారదు కాబట్టి వైశాల్యమూ మారదని చాలామంది ముందే తేల్చేస్తారు. చేసి చూస్తే 11, 20, 27, 32, 35, 36 వస్తాయి. ఆ చివరిది చతురస్రం, దాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని గొడవ మొదలవుతుంది. నువ్వు వెంటనే తీర్పు చెప్పకు. దీర్ఘచతురస్రం అంటే ఏమిటో వాళ్ళనే చెప్పమను, వాళ్ళ మాటతోనే వాళ్ళు ఒప్పుకోవాల్సి వస్తుంది. అప్పుడూ గోల ఉంటుంది కానీ ఆ గోలను చెవిపెట్టి వింటే లెక్కే వినిపిస్తుంది. పక్క గది మాస్టారికి ముందు రోజే ఒక మాట చెప్పు. వీలైతే వచ్చి చూడమను, పెద్దవాళ్ళు పిలిస్తే కాదనరు.

నోటుపుస్తకాల్లో ఎర్ర సిరా తగ్గించు. సగానికి మూడో వంతు కలిపి 2/5 అని రాసిన పిల్ల పైవాటిని పైన, కిందివాటిని కింద కూడింది. ఇంటూ కొడితే ఆ పిల్లకు తెలిసేది తప్పని మాత్రమే. పిలిచి, "సగానికి సగం కలిపి ఇదే పద్ధతిలో చేయి" అను. 2/4 వస్తుంది. అర దోసెకు అర దోసె కలిపితే మళ్ళీ అర దోసేనా అని అడిగి ఊరుకో. ఆ పిల్ల ముఖంలో వచ్చే మార్పు చూడటానికి నీకు తీరిక ఉండాలి, అంతే.

ఊరుకోవడం అన్నాను కదా, అది చెప్పినంత తేలిక కాదు. ప్రశ్న అడిగి జవాబు కోసం ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు తరగతుల్లో రికార్డు చేసి చూపించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఇంకా ఎక్కువమంది నోరు విప్పుతారు. నేనైతే మనసులో రెండో ఎక్కం ఐదు మెట్లు చదువుకునేదాన్ని. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేం, నాకేమీ తెలియదని పిల్లలు అనుకుంటారేమోనన్న భయం కలుగుతుంది. చేతులెత్తిన ముగ్గురినే పిలవాలనిపిస్తుంది. పిలవకు.

ఇదంతా ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ అని మీ స్టాఫ్ రూములో ఎవరైనా అంటే నొచ్చుకోకు. 1980లలో మన రాష్ట్రంలో బ్రిటన్ సహాయంతో అపెప్, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మొదలైంది. దాని ఆరు సూత్రాల్లో చేసి నేర్చుకోవడం, పిల్లల మధ్య తేడాలను గమనించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం అప్పుడే ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ పిల్లలకు భయం లేని చదువు ఉండాలంటుంది, 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. ఆ అబ్బాయిని నేను అందరి ముందూ అన్న మాట కూడా ఆ రెండో దాని కిందికే వస్తుంది.

సిలబస్ పూర్తికాదని నీ భయం. అన్ని పాఠాలూ ఇలా చెప్పనవసరం లేదు. కొన్ని నువ్వే నిలబడి చక్కగా వివరించాలి, అదేమీ తప్పు కాదు. వారంలో రెండు పీరియడ్లతో మొదలుపెట్టు. పదో తరగతి జోలికి ఈ ఏడాది పోవద్దు, ఏడుతోనే సాగించు.

ఇంకొక్కటి. మిరప కోతలు మొదలయ్యాక నీ తరగతిలో కొన్ని చోట్లు ఖాళీ అవుతాయి. తిరిగొచ్చినవాళ్ళను ఎందుకు రాలేదని నిలబెట్టి అడగకు, కారణం నీకు తెలిసిందే. ఎన్ని కిలోలు కోశారు, కూలి ఎలా లెక్కగట్టారు అని అడుగు. ఆ రోజు పాఠం అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ఖాళీ కాగితాలు ఇచ్చిన పిల్లల నోటుపుస్తకాలు సంచిలో వేసుకుని తీసుకురా. బరువని ఆలోచించకు, బస్టాండుకు మీ నాన్నను పంపిస్తాను. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

మీ అత్తయ్య