కట్టొద్దు సరే, మరి పోటీకి పంపాలా వద్దా?

"మేడమ్, నమస్తే. మాది రాయగడ, నేను పేపరు మిల్లులో పని చేస్తున్నాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. మా గుంట ఈ ఏడాది బరంపురంలో బీటెక్ ఎలక్ట్రికల్ పూర్తి చేసింది. భువనేశ్వర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్యాంపస్ ఉద్యోగం వచ్చింది, ఆగస్టులో చేరాలి. కాలేజీ ఫెస్టులో ఎవరో నెత్తిన కిరీటం పెట్టిన దగ్గర్నుంచి అందాల పోటీలకు వెళ్తానంటోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు చూసి ఎవరో ఫోన్ చేశారట, నువ్వు సెలెక్టయ్యావు, గోవాలో ఫైనల్స్, గ్రూమింగ్‌కి, అంటే నడక, ముస్తాబు నేర్పడానికి, 65 వేలు కట్టాలి అని. ఉద్యోగంలో తర్వాత చేరతానంటోంది. వాళ్లమ్మ అన్నం మానేసింది. ఇంత చదివించింది ఇందుకేనా? రేపు సంబంధాలు వస్తాయా? పైగా ఒడిశా తరఫున నిలబడాలా ఆంధ్రా తరఫునా అని ఇంట్లో అదొక గొడవ. మీరే చెప్పండి."

అన్నయ్యగారూ, ముందు ఆ 65 వేలు కట్టకండి. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

సెలెక్టయ్యావు అన్నారు కదా, అసలు సెలక్షన్ ఎప్పుడు జరిగింది? అమ్మాయి ఫారం నింపలేదు, ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగలేదు, వయసు సర్టిఫికెట్ చూడలేదు, ఎత్తు కొలవలేదు. నాలుగు ఫొటోలు చూసి ఏకంగా ఫైనల్స్‌కి పిలిచేశారంటే అలాంటి ఫోన్లు ఆ రోజు ఇంకెంతమందికి వెళ్లాయో మీరే ఊహించుకోండి. వీళ్ల లెక్క ఏమిటంటే, ఒక యాభై మంది దగ్గర తలా ఇంత వసూలు చేసి, ఒక హోటల్ హాలు అద్దెకు తీసుకుని, రెండు రోజులు హీల్స్ మీద నడక నేర్పి, మూడో రోజు వచ్చిన ప్రతి అమ్మాయి భుజానికీ బెస్ట్ స్మైల్ అనో బెస్ట్ హెయిర్ అనో పేరు రాసిన ఒక పట్టీ (శాష్) తగిలించి బస్సెక్కించడం. మా వీధిలో ఒకమ్మాయి వాళ్లమ్మ గొలుసు తాకట్టు పెట్టి ఇలాగే వెళ్లొచ్చింది. మిస్ ఫొటోజెనిక్ అని ఇచ్చారు. ఆ ఫొటోలు ఇవ్వమంటే వాటికి వేరే డబ్బులట!

నిజమైన పోటీ ఏది, ఉత్తుత్తిది ఏది అని తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఇక్కడ గెలిచిన అమ్మాయి ఎక్కడికి వెళ్తుంది? మన దేశంలో మిస్ ఇండియా అన్న మాట బ్యానరు మీద వేసుకునేవాళ్లు బోలెడుమంది. ఫెమినా మిస్ ఇండియా టైమ్స్ గ్రూపు వాళ్లది, మిస్ వరల్డ్‌కి మన అమ్మాయిలు ఏళ్లుగా వెళ్తున్నది ఆ దారిలోనే. మిస్ యూనివర్స్‌కి దారి వేరు, 2024 నుంచి దానికి మన దేశం తరఫున ఎంపిక చేసే పోటీని గ్లామానంద్ అనే సంస్థ నడుపుతోంది. అంటే ప్రతి అంతర్జాతీయ పోటీకీ ఇక్కడ ఒక లైసెన్సు ఉన్న సంస్థ ఉంటుంది. ఫోన్ చేసినవాళ్లు చెప్పిన పేరు ఆ అంతర్జాతీయ పోటీ సొంత పేజీల్లో ఉందో లేదో చూడమనండి. అమ్మాయి ఇంజనీరు కదా, పది నిమిషాల పని. ఫీజు అడిగిన ప్రతివాళ్లూ దొంగలే అని నేననను, గౌనుకీ మేకప్‌కీ రైలు టికెట్లకీ నిజంగానే ఖర్చవుతుంది, అసలు పోటీల్లో కూడా. కానీ ముందు డబ్బు, తర్వాత పరీక్ష అంటే మాత్రం ఆగిపోవాలి. ఇప్పటికే ఎంతోకొంత కట్టేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఆధార్ కాపీ, స్విమ్‌సూట్ ఫొటోలు వాట్సాప్‌లో అడిగారా లేదా అన్నది కూడా అమ్మాయిని మెల్లగా అడగండి, కోపంగా కాదు. కోపంగా అడిగితే చెప్పదు.

ఇక ఉద్యోగం. దీని గురించే నాకు ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే మీ అమ్మాయి చేయబోయే పెద్ద పొరపాటు పోటీకి వెళ్లడం కాదు, జాయినింగ్ తేదీని తేలిగ్గా తీసుకోవడం. ఆఫర్ లెటర్‌లో రాసిన తేదీ వాళ్ల ట్రైనింగ్ బ్యాచ్‌ని బట్టి ఉంటుంది. తర్వాత చేరతాను అని ఒక మెయిల్ పెడితే సరే అనే కంపెనీలూ ఉన్నాయి, ఇంకో బ్యాచ్‌లో చూద్దాం అని చెప్పి ఆ ఇంకో బ్యాచ్ ఎప్పటికీ పిలవని కంపెనీలూ ఉన్నాయి, మన చేతిలో అయితే ఏమీ ఉండదు. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వదిలేశాక ఆరు నెలలు ఆగి బయట వెతుక్కుంటే ఫ్రెషర్ అన్న లెక్కలో కూడా ఉండదు, ఎక్స్‌పీరియన్సూ ఉండదు. నా సలహా ఒకటే, ఆగస్టులో చేరనివ్వండి. ట్రైనింగ్, ప్రొబేషన్ అయ్యేదాకా పోటీ ఊసు ఎత్తకుండా పని నేర్చుకోమనండి. ఈలోగా సొంత జీతంతో, మీ పీఎఫ్ డబ్బుతో కాదు, వచ్చే ఏడాదికి తయారవమనండి. దరఖాస్తు, వీడియో పంపడం, ఆడిషన్ వరకు సెలవులతో సర్దుకోవచ్చు. పోటీలో నిజంగా పైదాకా వెళ్తే అప్పుడు జీతం లేని సెలవు అడగాలి, అదీ రాతపూర్వకంగా.

కాగితాలు చదవడం మనవాళ్లకు బద్ధకం, అందుకే ఇది కూడా చెప్తున్నాను. ఆఫర్ లెటర్‌లో బాండు ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, బయట డబ్బు వచ్చే పని చేయడానికి అనుమతి కావాలా అన్న మూడూ చూడండి. అటువైపు పోటీ వాళ్ల ఒప్పందం కూడా ఉంటుంది. గెలిచిన అమ్మాయి ఇంత కాలం వాళ్లు చెప్పిన కార్యక్రమాలకే వెళ్లాలి, యాడ్‌లలో వచ్చే డబ్బులో వాళ్లకు వాటా, ఇలాంటివి రాసుకుంటారు. రెండు ఒప్పందాలూ ఒకదానికొకటి అడ్డొస్తే నలిగేది అమ్మాయే. సంతకం పెట్టేముందు ఎవరైనా లాయరుకి చూపించండి, రాయగడ కోర్టు దగ్గరున్న లాయరైనా చాలు.

మీ మనసులో గవర్నమెంటు ఉద్యోగం ఉందని కూడా నాకు అనుమానం. ఎలక్ట్రికల్ చదివించి సాఫ్ట్‌వేర్‌కి పంపే ప్రతి తండ్రికీ దామన్‌జోడిలోని ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ నాల్కోనో, ఒడిశా ప్రభుత్వ కరెంటు లైన్ల సంస్థ ఓపీటీసీఎల్ అనో కళ్లముందు మెదులుతూనే ఉంటుంది. దానికి ఇంజనీర్లు రాసే గేట్ పరీక్ష ఉంది, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది గానీ చాలా ప్రభుత్వ సంస్థలు ఉద్యోగానికి ఫలానా ఏడాది స్కోరే అడుగుతాయి, కాబట్టి పోటీ ముచ్చట తీరాక ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకుని రాయొచ్చు. కానీ ఒక తిరకాసు ఉంది. ప్రభుత్వ రంగంలో చేరాక బయట ఇలాంటివి చేయాలంటే ప్రవర్తనా నియమాల ప్రకారం పై నుంచి అనుమతి కావాలి, ప్రైవేటు కంపెనీలో మేనేజరుని ఒప్పించినంత సులువు కాదు. అందుకని అమ్మాయికి నిజంగా ఈ కోరిక ఉంటే అది తీర్చుకోవాల్సింది ఆ ఉద్యోగానికి ముందే.

ఇంత చదివించింది ఇందుకేనా అన్నారు. ఆ బాధ అర్థమైంది గానీ, చదువూ పోటీ ఒకదానికొకటి శత్రువులని మీకెవరు చెప్పారు? హైదరాబాద్ అమ్మాయి మానస వారణాసి వాసవి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ చదివి, ఫ్యాక్ట్‌సెట్ అనే కంపెనీలో ఎనలిస్టు ఉద్యోగం చేస్తూనే తెలంగాణ తరఫున నిలబడి 2021 ఫిబ్రవరిలో మిస్ ఇండియా వరల్డ్ కిరీటం పెట్టించుకుంది. మిస్ వరల్డ్ ఆ డిసెంబరులో పోర్టోరికోలో జరగాలి, తీరా అక్కడికి వెళ్లాక కోవిడ్ వల్ల ఫైనల్ వాయిదా పడింది, మళ్లీ 2022 మార్చిలో జరిపారు, అందులో తొలి 13 మందిలో నిలిచింది. ఒక ఏడాది అనుకున్నది ఏడాది దాటిపోయింది, చూశారా? సెలవు అడిగేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి. అమెరికాలో గ్రేస్ స్టాంకీ అనే అమ్మాయి న్యూక్లియర్ ఇంజనీరింగ్ చదువుతూ మిస్ అమెరికా 2023 అయింది. వేదిక మీద వయొలిన్ వాయించింది, కిరీటం ఉన్న ఏడాదంతా అణువిద్యుత్ గురించి ఊరూరా మాట్లాడింది, తర్వాత అణువిద్యుత్ కంపెనీలోనే ఉద్యోగంలో చేరింది. ఇంకా వెనక్కి వెళ్తే 1966లో మిస్ వరల్డ్ గెలిచిన తొలి భారతీయురాలు రీటా ఫారియా అప్పటికి బొంబాయిలో మెడిసిన్ విద్యార్థిని. ఆ ఏడాది ముగిశాక సినిమాల వైపు చూడకుండా తిరిగి పుస్తకాల దగ్గరికి వెళ్లి డాక్టరయింది.

ఈ పేర్లు మీ అమ్మాయికి చూపిస్తే ఎగిరి గంతేస్తుంది, తెలుసు. అందుకే ఇంకో మాట కూడా వినిపించండి. వీళ్లు గెలిచినవాళ్లు కాబట్టి మనకు పేర్లు తెలిశాయి. ఆడిషన్ నుంచి వెనక్కి వచ్చినవాళ్ల పేర్లు ఎవరూ రాయరు. మీ అమ్మాయి ఆ రెండో గుంపులో ఉండే అవకాశమే ఎక్కువ, అందులో అవమానమేమీ లేదు, తిరిగి వచ్చేసరికి ఉద్యోగం ఉంటే చాలు. ఈ ఏడాది కాకపోతే ఇంకెప్పుడూ కుదరదు అని ఆ గోవా వాళ్లు తొందర పెడుతున్నారేమో, అదీ నమ్మొద్దు. మిస్ యూనివర్స్ 2024 నుంచి గరిష్ట వయసు నిబంధనే తీసేసింది. మిగతా పోటీలకు వయసు నిబంధనలు ఉంటాయి గానీ 22 ఏళ్ల పిల్లకు ఒక్క ఏడాది ఆగితే మునిగిపోయేదేమీ లేదు.

ఒడిశానా ఆంధ్రానా అన్న గొడవ చదివి నవ్వుకున్నాను, మా ఇంట్లో కూడా క్రికెట్ మొదలుకొని అన్నిటికీ ఇదే. పోటీని బట్టి రూలు మారుతుంది, పుట్టిన చోటో ఉంటున్న చోటో ఏదో ఒకటి అడుగుతారు, ఆ ఏడాది దరఖాస్తులో ఏముందో అదే ఖాయం. ఎంచుకునే వీలుంటే మాత్రం నేను ఒడిశా అంటాను. వి.వి. గిరిగారు పుట్టింది మా బరంపురంలోనే, ఆయన్ని ఒడియావాళ్లూ మావాడే అంటారు, మనమూ మావాడే అంటాం, ఆయన రాష్ట్రపతి అవడానికి అది అడ్డు రాలేదు. అసలు సంగతి వేరే ఉంది. ఈ పోటీల్లో చివరికి ప్రశ్నల రౌండు దగ్గర అమ్మాయిలు తేలిపోతారు, ఎందుకంటే అందరూ స్త్రీ సాధికారత అని బట్టీపట్టిన నాలుగు ముక్కలే చెప్తారు. మీ అమ్మాయి పెరిగింది రాయగడలో. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం వద్దని 2013లో పన్నెండు గ్రామసభలు తీర్మానం చేసిన జిల్లాలు మనవి. కొండ మీది ఊళ్లకు కరెంటు లైను వేయడం ఎందుకు కష్టమో, వేసిన లైను వానాకాలంలో ఎందుకు పడిపోతుందో ఎలక్ట్రికల్ చదివిన పిల్లకు తెలియాలి. తెలియకపోతే సెలవుల్లో వెళ్లి చూసి రమ్మనండి. అది ముంబైలో పెరిగిన అమ్మాయి చెప్పలేని జవాబు. ఇంగ్లీషు సరిగ్గా రాదని బెంగపడుతుంటే, అంతర్జాతీయ పోటీల్లో దుబాసీని పెట్టుకుని సొంత భాషలో జవాబు చెప్పేవాళ్లు ఉన్నారు, గెలిచినవాళ్లూ ఉన్నారు. అయినా ఇంగ్లీషు నేర్చుకోమనండి, ఆఫీసులో ఎలాగూ కావాలి.

సంబంధాల మాట. మిమ్మల్ని తప్పుపట్టను, మన వీధులు ఎలాంటివో నాకూ తెలుసు, పర్లాకిమిడిలో తుమ్మితే పార్వతీపురంలో వినిపిస్తుంది. వేదిక మీద నడిచిందని వద్దనే వాళ్లు ఉంటారు. వాళ్లే రేపు నైట్ షిఫ్టుకి వెళ్తోందని, మగవాళ్లతో కలిసి పని చేస్తోందని కూడా అంటారు, అప్పుడు ఉద్యోగం కూడా మాన్పిస్తామా? స్విమ్‌సూట్ గురించే మీ భయమైతే, మిస్ వరల్డ్ 2015 నుంచి ఆ రౌండు తీసేసింది, మిస్ యూనివర్స్‌లో ఇంకా ఉంది. ఏ పోటీకి వెళ్తే ఏమేం ఉంటాయో ముందే కూర్చుని మాట్లాడుకోండి, ఏది వేసుకుంటుందో ఏది వేసుకోదో నిర్ణయం అమ్మాయిది, ఆ పిల్లకి 22 ఏళ్లు.

గ్రూమింగ్ సెంటర్ల విషయంలో మాత్రం మీరు కాస్త గట్టిగానే ఉండాలి. రంగు తెల్లబడే ఇంజెక్షన్ అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయమనండి. నెలలో పది కిలోలు తగ్గాలి అన్నవాళ్ల దగ్గరికీ వద్దు. ముందు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, హాస్టల్ తిండితో నాలుగేళ్లు గడిపిన పిల్ల.

ఈ వారం చేయాల్సింది చెప్తాను. ఆఫర్ లెటర్ కాపీ నాకు పంపండి, బాండు సంగతి నేను చూస్తాను. ఆదివారం సాయంత్రం ఫోన్ చేయండి, అమ్మాయిని కూడా లైన్లో ఉంచండి, నేను మీ తరఫున తిట్టను, ఆ మాట ముందే తనకు చెప్పండి. వదినగారిని అన్నం తినమనండి, పిల్ల ఇంకా ఎక్కడికీ వెళ్లలేదు. ఆ గోవా వాళ్లు ఈలోగా మళ్లీ ఫోన్ చేస్తే మీరు లాక్కోకుండా అమ్మాయినే మాట్లాడనివ్వండి, స్పీకరు పెట్టి, ఇక్కడ గెలిస్తే నన్ను ఎక్కడికి పంపుతారు, మీకు లైసెన్సు ఎవరిచ్చారు అని అడగమనండి. మీరు పక్కన కూర్చుని ఊరికే వినండి.